ఇండోర్‌ను సొంత ఊరు చేసుకున్న నాయకుడు: సి.కె. నాయుడు

1946 మార్చి నెల. ఇండోర్‌లోని యశ్వంత్ క్లబ్ మైదానంలో హోల్కర్, మైసూరు జట్ల మధ్య రంజీ ట్రోఫీ సెమీఫైనల్ జరుగుతోంది. హోల్కర్ బ్యాటింగ్‌కు దిగింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి శతకం చేసి వెళ్తున్నారు. భండార్కర్ 142, సర్వటే 101, జగ్దాలే 164, నింబాల్కర్ 172, ప్రతాప్ సింగ్ 100. వీరి నడుమ మరో 101 పరుగులు చేసిన ఆటగాడు జట్టు సారథి. ఆయన వయసు అప్పటికి యాభై. ఎనిమిది వికెట్లకు 912 పరుగుల వద్ద హోల్కర్ ఇన్నింగ్స్ డిక్లేర్ చేసింది. ఒకే ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు సాధించడం క్రికెట్ లోకం అంతవరకు చూడని వింత. ఆ తర్వాత బరోడాతో జరిగిన ఫైనల్లో అదే సారథి 200 పరుగులు చేశారు. తోటి వయసువారు మనుమలను ఎత్తుకుని వీధి అరుగుల మీద కూర్చునే ప్రాయంలో, దేశంలోని మేటి బౌలర్లను ఎదుర్కొని చేసిన ద్విశతకం అది. హోల్కర్ తొలిసారి రంజీ విజేతగా నిలిచింది.

ఆ సారథి పేరు కొట్టారి కనకయ్య నాయుడు. దేశమంతటికీ ఆయన సి.కె.

భారత టెస్టు జట్టుకు తొలి సారథిగా ఆయన పేరు పాఠ్యపుస్తకాలలోను, పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలలోను నిలిచి ఉంది. 1926లో బొంబాయిలో కొట్టిన సిక్సర్ల కథ మూడు తరాల అభిమానుల నోళ్లలో నానింది. ఈ రెండు కీర్తుల వెలుగులో మరుగున పడిన పని ఒకటుంది. తాను పుట్టని ఊరికి, తన మాతృభాష వినిపించని ఊరికి వెళ్లి, అక్కడ ముప్పయ్యేళ్ల పాటు నిలిచి, ఆ చిన్న సంస్థానం జట్టును బొంబాయి వంటి మహానగరాలు భయపడే జట్టుగా తీర్చిదిద్దిన పని అది. ఆయన టెస్టు ఆట ఏడు మ్యాచ్‌లకే పరిమితం. హోల్కర్ కోసం ఆడిన ఆట ఒక జీవితకాలం.

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో జన్మించారు. పూర్వికులది మచిలీపట్నం ప్రాంతం. తాత కాలానికే కుటుంబం నాగపూర్‌లో స్థిరపడి, న్యాయవాద వృత్తిలో పేరు, ఆస్తి సంపాదించింది. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో చదివారు. తర్వాతి కాలంలో ఏ మహారాజు పేరిట రంజీ ట్రోఫీ వెలసిందో ఆ రంజిత్ సింగ్ అక్కడ చదివిన రోజులవి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు. ప్రవాసంలో పెరిగిన తెలుగు బిడ్డలకు ఈ మూడు మాటల బతుకు కొత్తది కాదు. నాగపూర్‌లో హిస్లాప్ విద్యాసంస్థలో చదువుతూనే ఆయన క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ ఆడారు. ఆరడుగులు దాటిన నిటారైన విగ్రహం, పొడవైన చేతులు, ఎదుటివారిని నిలబెట్టి చూసే కళ్లు, ఇవన్నీ ఆయన ఆటలో భాగమే అయ్యాయి.

1916లో బొంబాయిలో హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై ఆయన ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అడుగుపెట్టారు. అప్పట్లో పోటీలు మతాల పేరిట జరిగేవి. యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు వేర్వేరు జట్లుగా దిగేవారు. ఆ మ్యాచ్‌లో 79 పరుగులకే ఏడు వికెట్లు పడిన వేళ, తొమ్మిదో స్థానంలో ఇరవయ్యేళ్ల కుర్రవాడు క్రీజులోకి వచ్చాడు. మూడు బంతులను మర్యాదగా ఆపి, నాలుగో బంతిని బౌండరీ అవతలికి కొట్టాడు. ఆయన ఫస్ట్ క్లాస్ జీవితంలో తొలి పరుగులు అలా సిక్సర్‌గా వచ్చాయి. ఆ రోజుల్లో బంతిని గాలిలోకి లేపడం అవివేకమని శిక్షకులు నేర్పేవారు. నాయుడు ఆ పాఠం వినలేదు, లేదా విని పక్కన పెట్టారు.

ఇండోర్ ప్రస్తావన ఇక్కడే వస్తుంది. ఇండోర్ అప్పుడు హోల్కర్ వంశీయుల రాజధాని. 1923లో మహారాజు మూడో తుకోజీరావు హోల్కర్ నాయుడును తన సంస్థానానికి ఆహ్వానించి, సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. క్రీడాకారుడికి నేరుగా జీతమిచ్చే వ్యవస్థ లేని కాలమది. సంస్థానాధీశులు తమ సైన్యంలోనో కొలువులోనో ఉద్యోగం చూపి ఆటగాళ్లను పోషించేవారు. రాజుగారికి సరదా, ఆటగాడికి తిండి, ప్రేక్షకుడికి వినోదం. ఈ ఏర్పాటులో చాలామంది ఆటగాళ్లు రాజుగారి వేటకు తోడుగానో, విందులో అలంకారంగానో మిగిలిపోయారు. నాయుడు మాత్రం యూనిఫాంను నిజంగానే తీసుకున్నారు. కాలక్రమంలో ఆయన కర్నల్ అయ్యారు. సైనికుడి వేళలు, సైనికుడి నడక, సైనికుడి కోపం ఆయన మైదానంలోకి తెచ్చారు. హోల్కర్ జట్టుకు తర్వాత పట్టిన అదృష్టమంతా ఈ లక్షణం నుంచి పుట్టిందే.

అంతకుముందే దేశం ఆయన పేరు గట్టిగా విన్నది. 1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు భారత పర్యటనకు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో మ్యాచ్. ముందుగా ఇంగ్లిష్ ఆటగాడు గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేశాడు. తెల్లవారి బలం ముందు మనవారు ఎప్పటిలాగే తలవంచుతారని అనుకున్నవారే ఎక్కువ. డిసెంబర్ 1న నాయుడు బ్యాట్ పట్టారు. రెండు గంటలు నిండకముందే 153 పరుగులు, అందులో 13 ఫోర్లు, 11 సిక్సర్లు. వార్త నగరంలో పాకడంతో ఆఫీసులు, దుకాణాలు వదిలి జనం మైదానం వైపు పరుగులు తీశారు. చుట్టుపక్కల చెట్లు, మేడలు నిండిపోయాయి. ఆ ఇన్నింగ్స్‌కు గుర్తుగా ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాట్ బహూకరించారు. అంతకన్నా పెద్ద బహుమతి దేశానికి దక్కింది. ఈ జట్టు టెస్టు స్థాయికి తగినదన్న నమ్మకం గిల్లిగన్‌కు కలిగింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడటానికి ఆయన ప్రోత్సాహం తోడైంది. స్వాతంత్ర్యోద్యమం ఊపందుకుంటున్న ఆ సంవత్సరాలలో, పాలకుల ఆటలో పాలకుల బౌలర్లను పాలితుడొకడు మేడల మీదికి కొట్టడాన్ని జనం వట్టి ఆటగా చూడలేదు. నాయుడు రాజకీయ వేదికలెక్కిన మనిషి కాదు. అయినా ఆయన బ్యాటులో జనం తమకు కావలసిన అర్థం చదువుకున్నారు.

1932లో భారత జట్టు తొలి టెస్టు కోసం ఇంగ్లండ్ వెళ్లింది. సారథి పోరుబందర్ మహారాజు, ఉపసారథి లింబ్డీ రాజకుమారుడు. సామాన్యుడు రాజులకు నాయకత్వం వహించడమన్న ఊహ అప్పటికి ఎవరికీ లేదు. పోరుబందర్ మహారాజు తన బ్యాటింగ్ సంగతి తెలిసిన మర్యాదస్తుడు. ఆ పర్యటనలో ఆయన ఫస్ట్ క్లాస్ పరుగులు మొత్తం రెండు. కీలకమైన మ్యాచ్‌ల నుంచి ఆయనే పక్కకు తప్పుకున్నారు. లింబ్డీ గాయపడ్డారు. అలా జూన్ 25న లార్డ్స్ మైదానంలో సి.కె. నాయుడు భారత తొలి టెస్టు సారథిగా టాస్‌కు నడిచారు. ఆయన వయసు 36. జట్టులో కొందరు ఆయన కింద ఆడటానికి మొరాయించారని, మహారాజు జోక్యంతోనే దారికి వచ్చారని క్రికెట్ చరిత్రకారులు రాశారు. నాయుడు కరకుదనం అందుకు కొంత కారణం కావచ్చు. రాజవంశం కానివాడి ఆజ్ఞ వినడం ఇష్టంలేకపోవడం మరింత కారణం కావచ్చు.

మ్యాచ్ మొదలైన అరగంటలోనే ఇంగ్లండ్ 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. నిస్సార్, అమర్ సింగ్ బంతులకు లార్డ్స్ నివ్వెరపోయింది. చివరకు ఇంగ్లండ్ 158 పరుగులతో గెలిచింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా నాయుడు బ్యాటింగ్‌కు వచ్చి, భారత్ తొలి ఇన్నింగ్స్‌లో అందరికన్నా ఎక్కువగా 40 పరుగులు చేశారు. ఆ పర్యటన ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో ఆయన పరుగులు 1618, వికెట్లు 65. బర్మింగ్‌హామ్ మైదానంలో ఆయన కొట్టిన ఒక బంతి పక్కనున్న రీ నదిని దాటిందని, నది అవతల వేరే జిల్లా కనుక ఆ సిక్సర్ ఒక జిల్లాలో బయలుదేరి మరో జిల్లాలో పడిందని అక్కడి వారు నేటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడు విజ్డెన్ సంచిక ఆ సంవత్సరపు ఐదుగురు క్రికెటర్లలో ఆయనను ఎంపిక చేసింది.

1933 డిసెంబర్‌లో డగ్లస్ జార్డిన్ జట్టు వచ్చినప్పుడు భారత గడ్డపై తొలి టెస్టుకూ ఆయనే సారథి. బొంబాయి జింఖానాలో లాలా అమర్‌నాథ్ తొలి టెస్టులోనే 118 పరుగులు చేసి దేశానికి తొలి టెస్టు శతకం అందించారు. ఆయనకు తోడుగా అవతలి కొసన నిలిచి 67 పరుగులు చేసిన వ్యక్తి నాయుడు. ఇద్దరూ కలిసి జోడించినవి 186. ఆ టెస్టు ఓడిపోయాం. అయినా జనం ఆ భాగస్వామ్యాన్ని విజయంగానే గుర్తుంచుకున్నారు.

1936 పర్యటన వేరు. ఈసారి సారథ్యం విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు చేతికి వెళ్లింది. లోకం ఆయనను విజ్జీ అని పిలిచేది. భారత క్రికెట్ తొలి సారథులలో ఇద్దరూ తెలుగువారు కావడం, ఆ ఇద్దరి మధ్యే పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేంత వైరం ఉండటం మన చరిత్రలోని ఒక విడ్డూరం. విజ్జీ మూడు టెస్టులలో చేసిన పరుగులు 33. జట్టు రెండు ముఠాలైంది. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట పర్యటన మధ్యలోనే ఇంటికి పంపారు. అల్పాహారం వేళ నాయుడును అందరి ముందు అవమానించినందుకు ప్రతిఫలంగా ఒక బౌలర్‌కు టెస్టులో చోటు దక్కిందన్న కథ నేటికీ వినిపిస్తుంది. నాయుడు నోరు మెదపలేదు. ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో 81 పరుగులు చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే చివరి టెస్టు.

ఏడు టెస్టులు, 350 పరుగులు, సగటు 25. ఒక్క శతకమైనా లేదు. ఈ అంకెలు మాత్రమే చూసే నేటి పాఠకుడికి ఇంత గొప్పదనం ఎక్కడ ఉందన్న అనుమానం రావడం సహజం. తొలి టెస్టు ఆడేనాటికే ఆయన ప్రాయం సగం గడిచింది. ఆ తర్వాత యుద్ధం ముంచుకొచ్చి పదేళ్లు భారత్‌కు టెస్టులే లేకుండా పోయాయి. మరొకరైతే నలభై దాటిన వయసులో జ్ఞాపకాలు చెప్పుకుంటూ విశ్రమించేవారు. నాయుడు ఇండోర్ వెళ్లి జట్టు కట్టారు.

మధ్య భారత జట్టుగా ఆడుతూ వచ్చిన ఆ ప్రాంతం 1941-42 నుంచి హోల్కర్ పేరిట రంజీ ట్రోఫీలో దిగింది. తండ్రి తర్వాత గద్దెనెక్కిన యశ్వంతరావు హోల్కర్ పోషకుడు, నాయుడు సారథి. అప్పటి ఇండోర్‌లో బొంబాయిలో ఉన్నన్ని క్లబ్బులు లేవు, అన్ని మైదానాలు లేవు. నాయుడు రెండు మార్గాలు పట్టారు. ఊళ్లోనే దొరికిన ప్రతిభను చిన్నతనంలో పట్టుకోవడం మొదటిది. ఇండోర్‌లోనే పుట్టిన ముష్తాక్ అలీని బాలుడిగా ఉన్నప్పుడే గుర్తించి పెంచినది ఆయనే. ఆ ముష్తాక్ 1936లో మాంచెస్టర్‌లో విదేశీ గడ్డపై తొలి భారతీయ శతకం చేశారు. రెండోది, బయటి ఊళ్ల మేటి ఆటగాళ్లను తెచ్చి ఇండోర్‌లో స్థిరపరచడం. చందూ సర్వటే, హీరాలాల్ గైక్వాడ్, నింబాల్కర్ వంటివారు హోల్కర్ ఆటగాళ్లయ్యారు. తమ్ముడు సి.ఎస్. నాయుడు లెగ్ స్పిన్‌తో జట్టుకు వెన్నెముకగా నిలిచారు.

జట్టు కట్టడం ఒక ఎత్తు, నడపడం మరో ఎత్తు. నాయుడు కింద ఆడటం సులువైన పని కాదు. వేళ తప్పితే ఊరుకోరు. దెబ్బ తగిలిందని మైదానం వీడితే సహించరు. తన మాట జవదాటిన వారిని పదిమందిలోనే మందలించేవారు. ఆయనంటే గిట్టనివారు ఎందరో ఉండటానికి ఇదే కారణం. ఈ కాఠిన్యంలో అహంకారం పాలు లేదనడం కష్టం. అయితే ఎదుటివారి నుంచి కోరినదంతా ఆయన ముందు తన నుంచి కోరేవారు. యాభై దాటిన వయసులో ఒక మ్యాచ్‌లో బాంబే ఫాస్ట్ బౌలర్ దత్తూ ఫాడ్కర్ బంతి లేచి నోటికి తగిలింది. పళ్లు ఊడి పిచ్ మీద పడ్డాయి. నాయుడు వాటిని బ్యాటుతో పక్కకు తోసి, వైద్యుడిని వెనక్కి పంపి, మళ్లీ గార్డు తీసుకున్నారు. ఆ దృశ్యం చూసిన హోల్కర్ కుర్రవాడెవరూ వేలికి దెబ్బ తగిలిందని సెలవు అడిగి ఉండరు.

ఫలితం అంకెలలో కనిపిస్తుంది. 1944-45 నుంచి 1954-55 వరకు పదకొండు సీజన్లలో హోల్కర్ పది సార్లు రంజీ ఫైనల్ చేరింది. 1945-46, 1947-48, 1950-51, 1952-53లలో విజేత. మిగిలిన ఆరు సార్లు రన్నరప్. ఇంత చిన్న ప్రాంతం నుంచి వచ్చిన జట్టు ఇంతకాలం ఇలా పై వరుసలో నిలవడం రంజీ చరిత్రలో మరొకటి కనపడదు.

ఈ పది ఫైనళ్లలో మొదటిది ఓటమే. ఆ ఓటమి కథ మాత్రం గెలుపు కథలకన్నా రుచి. 1944-45లో ప్రత్యర్థి బాంబే. యుద్ధం పుణ్యమా అని ఇండోర్ పక్కనున్న మహూ సైనిక స్థావరంలో ఇంగ్లండ్ స్టార్ బ్యాటర్ డెనిస్ కాంప్టన్ విధుల్లో ఉన్నారు. నాయుడు ఆయనను హోల్కర్ జట్టులోకి తెచ్చారు. బాంబే తొలి ఇన్నింగ్స్‌లో 462 చేస్తే హోల్కర్ 360 చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్ 278తో బాంబే 764 పరుగులు పేర్చింది. గెలవాలంటే 867 కావాలి. మరొక సారథి అయితే చేతులెత్తేసేవాడు. హోల్కర్ ఆ లక్ష్యం వైపు నడిచింది. ముష్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ శతకాలు చేశారు. కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచారు. వందకు పైబడిన ప్రతి పరుగుకు యాభై రూపాయలు ఇస్తానని ఒక సంపన్న వ్యాపారి తనకు మాట ఇచ్చాడని, తీరా చూస్తే అత్యవసర పని మీద కలకత్తా వెళ్తున్నానని చీటీ పెట్టి మాయమయ్యాడని కాంప్టన్ ఆ తర్వాత నవ్వుతూ చెప్పుకునేవారు. చివరకు హోల్కర్ 492 వద్ద ఆగింది. 374 పరుగుల ఓటమి. ఒకే మ్యాచ్‌లో మొత్తం 2078 పరుగులు. తమ్ముడు సి.ఎస్. నాయుడు ఆ మ్యాచ్‌లో 917 బంతులు వేసి పదకొండు వికెట్లు తీశారు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో ఒక మ్యాచ్‌లో ఏ బౌలరూ అన్ని బంతులు వేయలేదు. అన్న తమ్ముడి చేత వేయించిన తీరులోనే ఆయన నాయకత్వపు తీపీ చేదూ రెండూ ఉన్నాయి.

మరుసటి ఏడే 912 పరుగుల సెమీఫైనల్, ద్విశతకం, తొలి టైటిల్. ఆ తర్వాతి ఏడు మళ్లీ నేల చూపిన ఓటమి. 1947 మార్చిలో బరోడాలో జరిగిన ఫైనల్లో విజయ్ హజారే, గుల్ మహమ్మద్ నాలుగో వికెట్‌కు 577 పరుగులు జోడించారు. హోల్కర్ ఇన్నింగ్స్ 409 పరుగుల తేడాతో ఓడింది. దేశం విడిపోబోతున్న ఆ వేసవిలో ఒక క్రైస్తవుడు, ఒక ముస్లిం కలిసి నెలకొల్పిన ఆ రికార్డు ఎదుట యాభై ఒకటో ఏట ఉన్న నాయుడు గంటల తరబడి ఫీల్డింగ్ చేశారు. సరిగ్గా ఏడాదికి అదే జట్టుతో తిరిగివచ్చి బాంబేను తొమ్మిది వికెట్లతో ఓడించారు.

సంస్థానాలు భారతదేశంలో కలిసిపోయాయి. రాజులు పోయినా హోల్కర్ అన్న పేరు కొన్నాళ్లు క్రికెట్ మైదానంలో మిగిలింది. 1950-51లో గుజరాత్‌పై, 1952-53లో బెంగాల్‌పై గెలిచి నాలుగు టైటిళ్లు పూర్తి చేసింది. నాలుగో టైటిల్ నాటికి నాయుడుకు 57 ఏళ్లు. హోల్కర్‌తో ఆయన అనుబంధం అక్కడ ముగిసింది.

అక్కడ ఆగి ఉంటే కథ సొంపుగా ఉండేది. ఆయన ఆగలేదు. 1953 అక్టోబర్‌లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలి అడుగు వేసింది. అప్పటికి ఆ జట్టుకు చరిత్ర లేదు, అనుభవం లేదు. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో జీవించిన నాయుడు 58 ఏళ్ల వయసులో ఆంధ్ర తరఫున మైదానంలోకి దిగారు. పూర్వికులు విడిచి వెళ్లిన గడ్డ పేరు మోసే జట్టు అది. అందులో విజయాల లెక్క వెతకనక్కరలేదు. భారత జట్టు తొలి సారథి పక్కన నిలబడి ఆడిన ఆ తెలుగు కుర్రవాళ్లకు ఆ కొద్ది రోజులు ఏమై ఉంటాయో ఊహించవచ్చు. ఆయన సొంత ఊరు ఏదన్న ప్రశ్నకు నాగపూర్, ఇండోర్, మచిలీపట్నం మూడూ చేయి ఎత్తుతాయి. మూడింటికీ హక్కుంది. చెమట చిందిన లెక్కన మాత్రం ఇండోర్‌దే పెద్ద వాటా.

1956లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ప్రకటించింది. ఆ గౌరవం పొందిన తొలి క్రికెటర్ ఆయనే. పురస్కారం తీసుకుని ఇంట్లో కూర్చున్నారా అంటే అదీ లేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. 61 ఏళ్ల వయసులో తన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు. 1963-64లో ఒక సహాయ నిధి మ్యాచ్‌లో మరోసారి బ్యాట్ పట్టారు. 1916లో మొదలైన ప్రయాణం అది. మొత్తం 207 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 శతకాలు, 411 వికెట్లు. ఈ మధ్యలో సెలక్షన్ కమిటీ అధ్యక్షుడిగా, క్రికెట్ బోర్డు ఉపాధ్యక్షుడిగా కూడా పనిచేశారు. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనలో ఆయన బొమ్మ అచ్చయింది. వ్యాపార ప్రకటనలో కనిపించిన తొలి భారత క్రికెటర్ ఆయనేనని చెబుతారు. నేటి ఆటగాళ్ల ప్రకటనల ఆదాయం ముందు ఆ టానిక్ సీసా ఎంత చిన్నదో!

1967 నవంబర్ 14న ఇండోర్‌లోనే నాయుడు కన్నుమూశారు. వయసు 72.

హోల్కర్ జట్టు అప్పటికే లేదు. 1954-55 ఫైనల్లో మద్రాసు చేతిలో ఓటమి ఆ పేరుతో ఆడిన చివరి ఘట్టం. ఆ తర్వాత మధ్యభారత్, రాష్ట్రాల పునర్విభజనతో మధ్యప్రదేశ్. పేరు మారిన కొద్దీ పట్టు జారింది. దేశాన్ని ఏలిన జట్టు వారసులు ఏళ్ల తరబడి తొలి దశలలోనే వెనుదిరిగారు. రాజపోషణ పోవడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. తొమ్మిదేళ్లలో ఎనిమిది ఫైనళ్లు ఆడించిన మనిషి లాంటివాడు మళ్లీ దొరకలేదు.

పేరు మాత్రం నిలిచింది. 1973-74లో యువకుల కోసం మొదలైన జాతీయ పోటీకి కర్నల్ సి.కె. నాయుడు ట్రోఫీ అని పేరు పెట్టారు. ఇప్పుడది 23 ఏళ్ల లోపు వారి పోటీ. 2018-19లో దేశవాళీ క్రికెట్‌లోకి వచ్చిన పుదుచ్చేరికి కూడా ఆ పోటీలో చోటుంది. యానాం తెలుగు పిల్లవాడైనా, కదిర్కామం సందుల్లో టెన్నిస్ బంతితో ఆట మొదలుపెట్టిన తమిళ పిల్లవాడైనా, రంజీ జట్టు గడప తొక్కే ముందు ఈ తెలుగు కర్నల్ పేరున్న మెట్టు ఎక్కవచ్చు. 1994లో క్రికెట్ బోర్డు నెలకొల్పిన జీవన సాఫల్య పురస్కారం కూడా ఆయన పేరిటే ఉంది. తొలి గ్రహీత లాలా అమర్‌నాథ్. 1933లో బొంబాయిలో అవతలి కొసన నాయుడు నిలబడి ఉండగా శతకం చేసిన అదే అమర్‌నాథ్. 1996లో తపాలా శాఖ దేవధర్, మర్చంట్, మన్కడ్‌లతో పాటు నాయుడు చిత్రంతో కూడా బిళ్ల విడుదల చేసింది. ఇండోర్‌లోని అంతర్జాతీయ స్టేడియానికి 2010లో హోల్కర్ పేరు పెట్టారు.

రేడియో శ్రోతలకు ఆ కుటుంబంతో మరో బంధుత్వం ఉంది. సి.కె. కుమార్తె చంద్ర నాయుడు ఇండోర్‌లో ఆంగ్ల అధ్యాపకురాలు. 1977లో ఇండోర్‌లో ఎం.సి.సి., బాంబే జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌కు ఆమె వ్యాఖ్యానం చెప్పారు. మనదేశంలో తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతగా ఆమెను గుర్తించారు. యాభై ఏళ్ల క్రితం తండ్రి పదకొండు సిక్సర్లు కొట్టింది అదే ఎం.సి.సి. జట్టు మీద. తండ్రి గురించి 1995లో ఆమె ఒక పుస్తకం రాశారు. 2021లో ఇండోర్‌లో మరణించారు.

ఆమె పోయిన మరుసటి ఏడు, 2022 జూన్‌లో, మధ్యప్రదేశ్ రంజీ ఫైనల్‌కు వచ్చింది. వేదిక బెంగళూరు చిన్నస్వామి స్టేడియం. ప్రత్యర్థి ముంబయి. 1998-99లో ఇదే మైదానంలో కర్ణాటకతో జరిగిన ఫైనల్లో మధ్యప్రదేశ్ ఓడినప్పుడు సారథిగా ఉన్న చంద్రకాంత్ పండిత్ ఇప్పుడు కోచ్. ఆలస్యాన్ని, అలసత్వాన్ని సహించని కరకు మనిషిగా ఆయనకూ పేరుంది. జూన్ 26న మధ్యప్రదేశ్ ఆరు వికెట్లతో గెలిచింది. 1952-53లో హోల్కర్ ఎత్తిన కప్పు 69 ఏళ్ల తర్వాత మళ్లీ ఆ ప్రాంతానికి చేరింది.